ముమ్మిడివరం కొట్లు: రేవు నుంచి రోడ్డు దాకా

ముమ్మిడివరం బజారు పుట్టుక తెలియాలంటే ముందు నీళ్ల వైపు చూడాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మధ్య డెల్టా కాలువలు చేలను తడపడంతో ఆగలేదు, సరుకు దారులూ అయ్యాయి. ధాన్యం, కొబ్బరి పడవెక్కి వెళ్లేవి. గుడ్డల మూటలు, పప్పులు, కిరసనాయిలు డబ్బాలు తిరుగు పడవలో దిగేవి. కోనసీమలో కొట్టుకి సరుకిచ్చింది ఎడ్లబండి కన్నా ముందు పడవే.

గోదావరి పాయ గౌతమికి ఆవలి ఒడ్డున యానాం ఉంది. 1954 దాకా అది ఫ్రెంచి వాళ్లది. అక్కడ మంగళవారం సంతకి విదేశీ సరుకు కోసం ఇంగ్లీషు పాలనలోని తెలుగువాళ్లు ఏరు దాటి వెళ్లేవాళ్లు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక చిన్నపిల్లల పెళ్లిళ్లూ అక్కడికే చేరాయి. యానాన్ని కల్యాణపురం అన్నారు. పెళ్లి ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి కొట్లకే గిరాకీ. ఆ చట్టం పసిపిల్లల్ని కాపాడాలని వచ్చింది. దాన్ని ఏరు దాటించి వ్యాపారం చేసుకున్న సంగతి మాత్రం మన బజార్ల చరిత్రలో చెప్పుకోక తప్పదు.

ముమ్మిడివరం కిరాణా కొట్టుకి అసలు ఆయువు అరువు. రైతు చేతికి డబ్బు సార్వా, దాళ్వా పంటలకి వస్తుంది. మధ్యలో కొబ్బరి దింపుకి కాస్త ఆడుతుంది. కూలి ఇంట్లో ఆ మాత్రం ఆసరా కూడా ఉండదు. అందుకని ఉప్పూ, చింతపండూ, నూనే పద్దులో రాయించుకుని, పంటకో దింపుకో తీర్చేవాళ్లు. కొట్టాయన లెక్కలో వీశెలు, పదలాలు, ఏబులాలు ఉండేవి. 1957లో నయాపైసలు వచ్చాయి, 1962 నాటికి కిలోలు తప్పనిసరి అయ్యాయి. ఆ అయిదేళ్లూ తూకం రాయీ, గల్లాపెట్టెలో నాణెమూ రెండూ మారుతూ ఉంటే, అక్షరం రాని కొనుగోలుదారు పూర్తిగా కొట్టాయన మాట మీదే ఆధారపడ్డాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టుకున్న కొట్టే తరాలు నిలిచింది.

శివరాత్రికి బాలయోగి తీర్థం మరో బజారు. ఖర్జూరం, గాజులు, పిల్లల బొమ్మలు, మిఠాయిలు రోడ్డు పొడుగునా పరుచుకుంటాయి. ఏడాదికి ఒక్కసారి దర్శనమిచ్చే యోగి కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. 1985లో ఆయన సమాధి అయ్యాక కూడా తీర్థం ఆగలేదు.

1996 నవంబరు 6న తుపాను కొబ్బరితోటల్ని నేలకూల్చింది. చెట్టు పడితే దింపు లేదు, దింపు లేకపోతే పద్దు తీరదు. కొత్త మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ కష్టం తోటల గట్ల మీద ఎంత కనిపించిందో, కొట్ల ఖాతాల్లోనూ అంత కనిపించి ఉంటుంది.

2002లో ఎదుర్లంక-యానాం మధ్య వారధి తెరిచాక రేవులో పంటు కోసం కాచుకునే పని తప్పింది. కాకినాడ దగ్గరైంది. పెళ్లి బట్టలకీ, బంగారానికీ జనం బస్సెక్కి అక్కడికి పోవడం తేలికైంది. వారధి మేలే చేసింది, ఆసుపత్రికి వెళ్లాల్సిన వాళ్లకి మరీ. జవుళి కొట్లకి మాత్రం కాకినాడ నుంచి పోటీ గుమ్మంలోకే వచ్చింది.

పాత కొట్ల అటకల మీద చిట్టాలు, ఖాతా పుస్తకాలు మిగిలి ఉంటే వాటిని చెదలకి వదలొద్దని ఆ కుటుంబాల వాళ్లని అడుగుతున్నాను. ఏ ఏడు ఏ ఇంట్లో బియ్యం అరువు తెచ్చుకున్నారో, ఏ తుపాను తర్వాత ఎవరి బాకీ కొట్టేశారో వాటిలో తప్ప ఇంకెక్కడా దొరకదు.