దివిసీమ: ఉప్పెన పిదప

గాలివాన ఇంటికప్పును ఎగురగొట్టును. ఉప్పెన ఊరినే తుడిచివేయును. ఈ భేదము కృష్ణాతీరవాసులకు అనుభవమున తెలిసినది. 1864 నవంబరు 1వ తేదీన బందరుపై విరుచుకుపడిన ఉప్పెనలో 30,000 మంది వరకు మరణించినారని చరిత్ర చెప్పుచున్నది. ప్రాచీనమైన ఆ రేవుపట్టణము తన పూర్వవైభవమును మరల చూడలేదు.

నూటపదమూడేండ్ల పిదప, 1977 నవంబరు 19న, కృష్ణానది పాయల నడుమనున్న దివిసీమకు అదే గతి పట్టినది. ఐదారు మీటర్ల ఎత్తున లేచిన సముద్రము పల్లెలను ముంచివేసినది. పాలకాయతిప్ప, సొర్లగొంది, మూలపాలెము వంటి ఊళ్ళలో మిగిలినవి మొండిగోడలే. మృతులు 10,000కు పైబడినారు. వారిలో పెక్కుమంది ఆకుల కప్పు క్రింద బ్రతుకు వెళ్ళబుచ్చిన బెస్తలు, వ్యవసాయకూలీలు. తాటిచెట్లను కరచుకొన్నవారు, పక్కా భవనములపై కెక్కినవారు కొందరు బ్రతికినారు.

దుర్వార్త వెలికి వచ్చినంతనే తెలుగుదేశమంతయు కదలినది. 1975 నాటి ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యము వహించిన అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు బాధితుల నడుమ నిలిచి సహాయకార్యములు నడిపినారు. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి ఊరూర విరాళములు పోగుచేసినారు. రామకృష్ణ మిషన్, క్రైస్తవ సేవాసంఘములు, రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘము మున్నగునవి ఒకే బురదలో దిగి పనిచేసినవి. విశ్వాసములు వేరైనను ఎత్తవలసిన శవములు, నిలుపవలసిన ఇండ్లు అందరికిని ఒక్కటే అయినవి.

అయితే దాతలు వెడలిపోయిన పిదప ఏమి నిలిచినది? చరిత్ర అడుగవలసిన ప్రశ్న ఇది. బియ్యము నెలలో తరిగిపోవును, వస్త్రములు ఏడాదిలో చినిగిపోవును. ఉప్పు పట్టిన చేలు మంచినీటితో పలుమారులు కడిగినగాని వరికి లొంగవు. ఆ పని రైతే చేయవలెను. ఊరివారిని చేయిచాచినవారుగా గాక పాలివారుగా చూచినచోటనే సహాయము వేరూనును. 1969 నాటి తుపాను అనంతరము బెల్జియము దేశపు జెసూట్ గురువు మైకేల్ విండే గుంటూరు కేంద్రముగా నెలకొల్పిన గ్రామ పునర్నిర్మాణ సంస్థ ఈ సూత్రమునే పట్టుకొన్నది. ఇల్లు ఎవరిదో ఆ చేతులు గోడ లేపుటలో కలియవలెనన్నది దాని పద్ధతి.

ప్రభుత్వమును స్వచ్ఛంద సంస్థలును తీరమున కట్టించిన తుపాను షెల్టర్లు ఈ కూటమికి శాశ్వతచిహ్నములు. పక్కా భవనము ప్రాణము నిలుపునన్నది దివిసీమ నేర్పిన పాఠమే. మామూలు దినములలో అవి బడులుగా, సమావేశమందిరములుగా ఉపయోగపడినవి. బడిపిల్లలు ప్రతిదినము ఎక్కిన మెట్లే ఆపదవేళ ఊరంతటికి దారి చూపును. తాళము వేసి విడిచిన భవనము ఎవరికిని గుర్తుండదు.

పరీక్ష 1990 మే నెలలో వచ్చినది. తీవ్రతలో 1977 నాటి దానికి తీసిపోని తుపాను ఆ తీరమునే తాకినది. ఉపగ్రహముల తోడ్పాటుతో హెచ్చరిక ముందుగా అందినది. లక్షలాది జనులను సురక్షితస్థలములకు తరలించినారు. మృతుల సంఖ్య వేయికి లోపుననే ఆగినది. అదియు చిన్న దుఃఖము కాదు. కాని 1977తో పోల్చి చూచినపుడు, దక్కిన ప్రాణములెన్నియో తెలియును.

ఉప్పెనను మనము కన్నీటితో వ్రాసికొన్నాము, అది న్యాయమే. ఆ పిదప ఇటుకపై ఇటుక పేర్చిన చేతుల కథయు వ్రాసినపుడే దివిసీమ చరిత్ర పూర్తియగును.