ఒక పేషీ, ఇద్దరు దొరలు

1986లో బీబీసీ ప్రసారం చేసిన ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ సీరియల్‌లో ఒక ఎపిసోడ్ అంతా ఓ తాళంచెవి చుట్టూ నడుస్తుంది. ప్రధాని ఉండే పదో నంబరు డౌనింగ్ స్ట్రీట్‌కీ, దాన్ని ఆనుకుని ఉన్న కేబినెట్ ఆఫీసుకీ మధ్య ఒక తలుపుంది. దాని తాళంచెవి కేబినెట్ సెక్రటరీ సర్ హంఫ్రీ జేబులో ఉంటుంది. చెప్పాపెట్టకుండా వచ్చి పెత్తనం చేసే హంఫ్రీని కట్టడి చెయ్యాలని ప్రధాని జిమ్ హ్యాకర్ నిశ్చయించుకుంటాడు. తాళంచెవి లాక్కోవాలన్న నిర్ణయం ప్రధానిది, దాని తాలూకు చమటలు మాత్రం బెర్నార్డ్ వూలీవి. బెర్నార్డ్ ప్రధానికి ప్రైవేట్ సెక్రటరీ. హంఫ్రీ ఆ బెర్నార్డ్‌కి సర్వీసులో పెద్దదిక్కు. ఒకరిది ఆజ్ఞ, ఇంకొకరి చేతిలో భవిష్యత్తు. చివరికి తలుపు తెరుచుకోక, అంతటి కేబినెట్ సెక్రటరీ కిటికీ అంచు పట్టుకుని పాక్కుంటూ లోపలికి దిగుతాడు. సెక్యూరిటీ అలారం మోగిపోతుంది. నవ్వంతా హంఫ్రీ మీదే. బెర్నార్డ్ మొహంలో మాత్రం నెత్తురు చుక్క ఉండదు.

ఈ కథ 1980 ఫిబ్రవరిలో, హ్యాకర్ ఇంకా మంత్రిగా, హంఫ్రీ ఆయన శాఖకి శాశ్వత కార్యదర్శిగా ఉన్న రోజులతో, ‘యెస్ మినిస్టర్’ పేరుతో మొదలైంది. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాశారు. హ్యాకర్‌గా పాల్ ఎడింగ్టన్, హంఫ్రీగా నైజెల్ హాథార్న్, బెర్నార్డ్‌గా డెరెక్ ఫౌల్డ్స్. రెండు సీరియళ్లూ కలిపి 38 ఎపిసోడ్లు. 2001లో స్టార్ ప్లస్‌లో ‘జీ మంత్రీజీ’గా హిందీలోకి వచ్చింది. ఫరూఖ్ షేక్ మంత్రిగా, జయంత్ కృపలానీ కార్యదర్శిగా చేశారు. చూసినవాళ్లంతా మంత్రినో, కార్యదర్శినో తలుచుకుంటారు. మధ్యలో నలిగిన మూడో మనిషిని తలుచుకునేవాళ్లు తక్కువ.

బెర్నార్డ్ తెలివితక్కువవాడు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ చదివినవాడు. మంత్రి ఉపమానం తప్పుగా వాడితే పట్టుకుని సరిదిద్దకుండా ఉండలేడు. మనసులో న్యాయాన్యాయాల పట్టింపు కూడా ఉంది. అయినా పైవాళ్లకి ‘కాదు’ అని చెప్పాల్సిన చోట నోరు పెగలదు. పిరికివాడని తేల్చేస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది. కానీ ఆ పిరికితనం అతని సొంతం కాదు, ఉద్యోగంతో పాటు వచ్చింది. ఆ ఉద్యోగాన్ని అలా మలిచింది 1854 నాటి ఒక నివేదిక.

అంతకుముందు బ్రిటన్‌లో సర్కారు కొలువు అంటే సిఫార్సు. దొరగారి మేనల్లుడు, ఎంపీగారి పేద బంధువు, ఎక్కడా పనికిరాని చిన్నకొడుకు ఏదో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరేవాళ్లు. ఈ వ్యవహారాన్ని చార్లెస్ ట్రెవెల్యన్, స్టాఫర్డ్ నార్త్‌కోట్ కలిసి రాసిన నివేదిక ఎండగట్టింది. పోటీ పరీక్ష పెట్టాలని, ప్రతిభ చూసి పైకి తేవాలని చెప్పింది. 1855లో సివిల్ సర్వీస్ కమిషన్ వచ్చింది. 1870లో ప్రధాని గ్లాడ్‌స్టన్ హయాంలో చాలా శాఖలకి బహిరంగ పోటీ అమలైంది. మన దేశానికి సంబంధించి ట్రెవెల్యన్ బావమరిది మెకాలే ఇదే బాట వేశాడు. లండన్‌లో ఐసీఎస్ పోటీ పరీక్ష 1855లో మొదలైంది.

ఆ నివేదికలో అసలు మెలిక ఇంకోచోట ఉంది. ఉద్యోగి మంత్రికి లోబడి ఉండాలట. అదే ఊపిరిలో, మంత్రికి సలహా చెప్పగలిగేంత, అవసరమైతే కొంతవరకు ఆయన్ని ప్రభావితం చెయ్యగలిగేంత స్వతంత్రత కూడా ఉండాలట. ‘కొంతవరకు’ అంటే ఎంతవరకు? ఆ గీత ఎవరూ గీయలేదు. హంఫ్రీ ఆ ఖాళీలో రాజ్యం ఏలితే బెర్నార్డ్ అందులోనే ఇరుక్కుపోయాడు.

ఈ మెలిక పెట్టిన ట్రెవెల్యన్ మాత్రం లోబడి ఉండే రకం కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఢిల్లీలో ఉన్నప్పుడు, నిండా పాతికేళ్లు లేని వయసులో, తన పై అధికారి సర్ ఎడ్వర్డ్ కోల్‌బ్రూక్ లంచాలు తింటున్నాడని 1829లో బాహాటంగా ఆరోపించి పదవి ఊడగొట్టించాడు. లండన్ ఖజానా శాఖలో ఉండగా ఐర్లాండ్ కరువు సహాయం విషయంలో కర్కోటకుడన్న అపకీర్తి మూటగట్టుకున్నాడు. 1859లో మద్రాసు గవర్నరయ్యాడు. గంజాం నుంచి నెల్లూరు, కడప, బళ్లారి దాకా మన తెలుగు జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోవే. మరుసటి ఏడాది కలకత్తాలో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్, ‘ది ఎకానమిస్ట్’ పత్రిక స్థాపించినాయన, దేశంలో తొలిసారి ఆదాయపు పన్ను ప్రతిపాదించాడు. ట్రెవెల్యన్‌కి అది నచ్చలేదు. నచ్చలేదని ఫైలు మీద రాసి ఊరుకుంటే గొడవ లేకపోను. ఆ అభ్యంతర పత్రాన్ని పత్రికలకెక్కించాడు. 1860లోనే లండన్ ఆయన్ని వెనక్కి పిలిపించింది. నోరు మెదపని ఉద్యోగి ఎలా ఉండాలో నిర్ణయించిన పెద్దమనిషి తానే నోరు కట్టుకోలేక గవర్నరుగిరీ పోగొట్టుకున్నాడు. అయినా ఆయనకి పోయింది పెద్దగా ఏమీ లేదు. రెండు మూడేళ్లలో మళ్లీ ఆర్థిక సభ్యుడిగా కలకత్తాలో దిగాడు. మెకాలే చెల్లెలి భర్త కాని బెర్నార్డ్‌కి అంత వెసులుబాటు ఉండదు.

ప్రైవేట్ సెక్రటరీ పని మన సచివాలయంలో పేషీ చూసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. మంత్రి ఎవర్ని కలవాలి, ఏ ఫైలు ముందు చూడాలి, ఎవరి ఫోను ఇవ్వాలి అన్నదంతా అక్కడే తేలుతుంది. లండన్‌లో దీనికి తోడు మంత్రి ఫోన్ సంభాషణల్ని ప్రైవేట్ సెక్రటరీ పక్క లైన్లో విని నోట్ రాసుకోవడం ఆనవాయితీ. అంటే మంత్రి గుట్టంతా అతని చెవిలో ఉంటుంది. అతని పదోన్నతి మాత్రం శాఖ శాశ్వత కార్యదర్శి కలం కింద ఉంటుంది. మంత్రి ఎన్నికలతో వచ్చి ఎన్నికలతో పోయేవాడు. కార్యదర్శి ఉండిపోయేవాడు. ఎవరి కోపాన్ని భరించడం తేలికో లెక్క వేసుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ చదువు అక్కర్లేదు.

ఈ పనిలో నిజం మనుషులు ఎంత దూరం వెళ్లారో జాన్ కోల్విల్ కథ చెబుతుంది. 1940 మేలో ఛాంబర్లిన్ దిగిపోయి చర్చిల్ ప్రధాని అవుతుంటే, ఛాంబర్లిన్ పేషీలో ఉన్న ఈ కుర్రాడు దిగులుపడ్డాడు. కొద్ది రోజుల్లోనే చర్చిల్‌కి కుడిభుజమయ్యాడు. 1953 జూన్‌లో చర్చిల్‌కి పక్షవాతం వచ్చినప్పుడు కోల్విల్, చర్చిల్ అల్లుడు, కేబినెట్ సెక్రటరీ కలిసి ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పత్రికాధిపతులు కూడా గుట్టు కాపాడారు. దేశ ప్రధాని మంచాన పడితే పార్లమెంటుకి తెలియలేదు! ఇది విధేయతా, దేశద్రోహమా అని అప్పట్లో ఆయన్ని అడిగినవాళ్లు లేరు. చమత్కారం ఏమిటంటే, ఇంత విధేయుడూ నిబంధనలకి విరుద్ధంగా రోజూ డైరీ రాసుకున్నాడు. 1985లో అది పుస్తకమైంది.

బెర్నార్డ్ తెగింపు కూడా ఇలా చాటుమాటు తెగింపే. 1982లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో మంత్రిగారి భార్యకి అరబ్బు దేశం వాళ్లు ఇచ్చిన పన్నీటి పాత్ర తెగ నచ్చుతుంది. 50 పౌండ్లకి మించిన కానుకైతే ప్రభుత్వానికి అప్పగించాలి. బెర్నార్డ్ ఎవరినో పట్టుకుని, అది నకలని, విలువ 49 పౌండ్ల 95 పెన్నీలని రాయించుకొస్తాడు. విధేయత ముదిరితే ఇలాగే ఉంటుంది. ఎవరూ ఆజ్ఞాపించలేదు, అమ్మగారి ముచ్చట చూసి తనే అల్లుకుపోయాడు. ఒక జర్నలిస్టు కూపీ లాగేసరికి ఉద్యోగం ఊడే స్థితి వచ్చింది.

1984 వచ్చేసరికి ఈ హాస్యం పక్కనే నిజం జీవితం ఎదురుపడింది. జనవరిలో ప్రధాని మార్గరెట్ థాచర్ ఒక అవార్డు సభలో ఎడింగ్టన్, హాథార్న్‌లతో కలిసి తనే ఓ చిన్న నాటిక వేసింది. ఆ సీరియల్ అంటే ఆమెకి అంత ఇష్టం. నాటికలో బెర్నార్డ్‌కి మాత్రం చోటు లేదు. రెండు నెలలకి విదేశాంగ శాఖలో చిన్న గుమాస్తా, 23 ఏళ్ల సారా టిస్‌డాల్‌కి ఆరు నెలల జైలు పడింది. అమెరికా క్షిపణుల రాక గురించిన పత్రాల్ని ‘గార్డియన్’కి చేరవేయడం ఆమె నేరం. జులైలో రక్షణ శాఖ అధికారి క్లైవ్ పాంటింగ్ ఇంకో అడుగు వేశాడు. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా నౌక బెల్‌గ్రానోని ముంచి 323 మంది ప్రాణాలు తీసిన ఉదంతం గురించి ప్రభుత్వం పార్లమెంటుకి అబద్ధం చెబుతోందని, సంబంధిత పత్రాల్ని ప్రతిపక్ష ఎంపీ టామ్ డాల్యెల్‌కి పంపాడు. పాంటింగ్ తిరుగుబాటుదారు కాదు. దుబారా తగ్గించే పనిలో థాచర్ మెప్పు పొంది, బిరుదు అందుకున్న అధికారి.

పాంటింగ్ మీద కేసు పెట్టారు. విచారణలో జడ్జి దాదాపు శిక్ష వేయమన్నట్టే జ్యూరీకి చెప్పాడు. ప్రభుత్వం ఏది అనుకుంటే అదే రాజ్య ప్రయోజనమన్నాడు. 1985 ఫిబ్రవరి 11న జ్యూరీ ఆ మాట పెడచెవిన పెట్టి పాంటింగ్‌ని నిర్దోషిగా వదిలేసింది. ఆ నెలలోనే కేబినెట్ సెక్రటరీ సర్ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉద్యోగులందరికీ ఒక నోట్ పంపాడు. మీరు రాణి సేవకులు, రాణి అంటే ఆచరణలో అధికారంలో ఉన్న ప్రభుత్వమే, దానికి వేరుగా మీకంటూ ఉనికి లేదన్నది దాని సారం. అంతరాత్మ ఒప్పుకోకపోతే పై అధికారికి, ఆపైన శాశ్వత కార్యదర్శికి చెప్పుకోవచ్చు. అంటే బెర్నార్డ్ హంఫ్రీ మీద ఫిర్యాదు హంఫ్రీకే చెయ్యాలి. ఈ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకప్పుడు ప్రధాని ఎడ్వర్డ్ హీత్ దగ్గర, అచ్చం బెర్నార్డ్ కుర్చీలోనే పనిచేసినవాడు! 1989లో రహస్యాల చట్టాన్ని సవరించి, పాంటింగ్‌ని కాపాడిన ప్రజాప్రయోజన వాదనకి కూడా దారి మూసేశారు. బ్రిటిష్ సివిల్ సర్వీసుకి సొంత చట్టమంటూ దొరికింది 2010లో. ట్రెవెల్యన్ నివేదిక వచ్చిన నూట యాభై ఆరేళ్లకి.

మనకి ఈ వారసత్వం యథాతథంగా దక్కింది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ ఉంది. కానీ ఒక విషయంలో మన నిబంధనలే మెరుగు. 1968 అఖిల భారత సర్వీసుల ప్రవర్తన నియమావళి ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలి. నోటిమాటగా చెప్పక తప్పకపోతే వెంటనే రాసి ధ్రువీకరించాలి. 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. ‘సార్ చెప్పమన్నారు’ అనే ఫోన్ కాల్ మీద పనులు నడిచే పేషీల్లో ఈ నియమం ఎంత బతికి ఉందో ఆ వరండాల్లో తిరిగేవాళ్లకి తెలుసు. ఎదురు చెప్పిన అధికారిని ఎవరూ తీసెయ్యరు, లూప్‌లైన్లోకి తోస్తారు.

జే, లిన్ ఆ సీరియల్‌ని హ్యాకర్ డైరీల రూపంలో పుస్తకాలుగా కూడా తెచ్చారు. వాటిలో ఏళ్ల తర్వాత పాత ముచ్చట్లు నెమరేసుకుంటూ ఒక పెద్దాయన కనిపిస్తాడు. ఆయన సర్ బెర్నార్డ్ వూలీ, సివిల్ సర్వీసు అధిపతిగా చేసి రిటైరైన మనిషి. రచయితలకి ఈ సర్వీసు ఆనుపానులు బాగా తెలుసు. అందుకే ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి పాంటింగ్ లాంటివాణ్ణి ఊహించలేదు, బెర్నార్డ్‌నే కూర్చోబెట్టారు.