సాలలో మూలపడ్డ జీపు

విజయనగరం వైపు ఏ సాలలోనో పాత జీపు కనబడితే తుక్కుకింద తోసెయ్యకండి. అది యుద్ధకాలంలో పుట్టిన బండి. 1947లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీసు జీపులు బిగించసాగారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసులకు జీపులొచ్చాయి. గ్రామసేవకుడు సైకిలుమీద, ఆఫీసరుగారు జీపుమీద! బురదదారిలో నాలుగు చక్రాలూ లాగే బండి మరి.

ఏళ్ల తరబడి కదలని ఇంజనును తోసి స్టార్టు చేయబోకండి. సముద్రపు చెమ్మకు తుప్పుపట్టి పిస్టను రింగులు సిలిండరు గోడకు అతుక్కుపోతాయి, బలవంతపెడితే విరుగుతాయి. ప్లగ్గులు ఊడదీసి ఒక్కో రంధ్రంలో కాస్త ఇంజనాయిలు పోసి, రెండురోజులాగి, హేండిలుతో మెల్లగా తిప్పండి. జిగురెక్కిన పాత పెట్రోలు తీసేయండి. ఇంజను పలికింది కదా అని రోడ్డెక్కకండి. ముందు మేస్త్రీచేత బ్రేకులు విప్పించండి. వాటి రబ్బర్లు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి.