మహాడ్ సత్యాగ్రహం: నిగ్రహానికి ఒప్పించిన అంబేద్కర్ మాట

బొంబాయి ప్రెసిడెన్సీలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీటి హక్కు కోసం 1927లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నడిపిన పోరాటమే మహాడ్ సత్యాగ్రహం. చెరువును అందరికీ తెరుస్తూ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించినా సవర్ణులు అమలు కానివ్వలేదు. మార్చి 20న దళితులు ఊరేగింపుగా వెళ్లి నీళ్లు తాగారు. గుడిలోకీ వస్తారన్న పుకారు పుట్టించి సవర్ణులు దాడి చేశారు. తిరిగి కొట్టడానికి లేచిన తనవాళ్లను అంబేద్కర్ ఆపారు.

ఆయన ఒప్పించిన తీరు డిసెంబర్ సభలో స్పష్టంగా కనిపిస్తుంది.

నీటికి కొత్త అర్థం: ఆ నీళ్లు తాగితే అమరులమైపోమని, మనమూ మనుషులమేనని చాటడానికే వెళ్తున్నామని చెప్పారు.

చరిత్రతో పోలిక: ఆ సభను 1789 నాటి ఫ్రాన్స్ జాతీయ సభతో పోల్చారు. మార్పు శాంతియుతంగా సాగుతుందా లేదా అన్నది సవర్ణుల ప్రవర్తన మీదే ఆధారపడి ఉంటుందన్నారు. అలా హింస బాధ్యతను అవతలివైపు నెట్టారు.

ప్రత్యర్థి ఎవరన్న లెక్క: కోర్టు తాత్కాలిక నిషేధం విధించింది. జైలుకైనా సిద్ధమని వేలమంది పేర్లు రాయించుకున్నారు. సవర్ణులతోనూ ప్రభుత్వంతోనూ ఒకేసారి తలపడొద్దని నచ్చజెప్పి సత్యాగ్రహాన్ని వాయిదా వేయించారు.

ఇది లొంగుబాటు కాదు. డిసెంబర్ 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. చెరువు కేసులో 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు దళితుల పక్షానే వచ్చింది.