హాలీ, కల్దారు, ఒక బొమ్మ రైలు

ఒక బొమ్మ రైలింజను కొనాలని ఈ మధ్య లెక్కలు వేసుకున్నాను. బొమ్మ అనగానే పిల్లలాట అనుకోవద్దని మనవి. అసలు ఇంజనును 76వ వంతుకు కుదించి, చక్రాలను కలిపే కడ్డీలు మొదలుకొని పొగగొట్టం అంచుదాకా నకలు తీసిన వస్తువది. ఇంగ్లండులో వెల 100 పౌండ్లు. పౌండు నూరు రూపాయలు దాటి ఉన్నది గనుక అక్కడికే పదివేల పైమాట. దాని మీద దిగుమతి సుంకం. ఆటబొమ్మల మీది సుంకాన్ని 2020 బడ్జెట్టులో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. మన కస్టమ్సు పట్టికలో పెద్దవాళ్ళ నమూనా రైలు కూడా పిల్లల గిలక్కాయ ఉండే గూటిలోనే ఉంటుంది. పన్నులు, తపాలా ఖర్చు కలవకముందే పదిహేడు వేలు దాటింది. కాగితం మడిచి పక్కన పెట్టాను.

పెట్టాను గానీ, ఆలోచన ఆగలేదు. రైలుకూ మారకపు రేటుకూ ఉన్న ఈ పీటముడి మన ప్రాంతానికి కొత్తది కాదు. జనగామ మీదుగా కాజీపేట, మానుకోట (కాగితాల మీద మహబూబాబాదు), డోర్నకల్ దాటి బెజవాడకు పోయే పట్టాల కింద కంకరతో పాటు ఈ లెక్క కూడా పరచి ఉంది.

నిజాం రాజ్యంలో రూపాయలు రెండు. సొంత టంకశాలలో వేసిన హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువారి కల్దారు రెండవది. అధికారిక రేటు 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. ఈ అంకె చూస్తే తల తిరుగుతుంది గానీ, విప్పి చూస్తే ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానమని అర్థం, అంతే. ఈ ఏడుకూ ఆరుకూ మూలం వెండిలోనే కనిపిస్తుంది. చార్మినారు బొమ్మ ఉన్న హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో స్వచ్ఛమైన వెండి 81.8 శాతం. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. గుణించి చూడండి: మొదటిదానిలో 9.14 గ్రాముల వెండి, రెండవదానిలో 10.69. నిష్పత్తి దాదాపు ఆరుకు ఏడే! షరాబులు వట్టం పట్టుకున్నారని తిట్టుకున్నవాళ్ళలో ఎందరు ఈ తూకం వేసి చూశారో గాని, వ్యవహారం మాత్రం తక్కెడకు తగ్గట్టే నడిచింది. మధిర, ఎర్రుపాలెం దాటి ఇంగ్లీషు సీమలో దిగేవాడికి సంచిలోని ఏడు రూపాయలు ఆరుగా మారడమే సరిహద్దు.

అసలు కథ ఇంతకన్నా పెద్దది. వాడి నుంచి సికిందరాబాదుకు రైలు 1874లోనే వచ్చింది. దానిని తూర్పుకు పొడిగించడానికి 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పుట్టింది. పుట్టింది హైదరాబాదులో కాదు, లండనులో. వాటాలు పౌండ్లలో. మదుపుదార్లకు ఇరవయ్యేళ్ళపాటు 5 శాతం వడ్డీకి నిజాం సర్కారు పూచీ. రైలు లాభం తెచ్చినా తేకున్నా ఆ వడ్డీ చెల్లవలసిందే. ఒప్పందం వివరాలు ప్రజలకు చెప్పాలని ఆనాడే కొందరు అడిగారు. చాందా రైల్వే ఆందోళన అంటారే, అది. అడిగినందుకు అఘోరనాథ చట్టోపాధ్యాయను (సరోజినీ నాయుడు తండ్రి) 1883లో రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కొలువు పోయింది. మన చరిత్ర పుస్తకాలు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాలలో దాటవేస్తాయి, ఎందుకో!

వారి అనుమానం వట్టిది కాదని కాలం చూపింది. జర్మనీ బంగారు నాణేనికి మారింది, అమెరికా గనుల నుంచి వెండి వెల్లువెత్తింది, వెండి వెల పడిపోయింది. హాలీ, కల్దారు రెండూ వెండివే గనుక ఒకదానితో ఒకటి ఏడు-ఆరుగానే ఉండగలవు. అయితే బంగారు పౌండు ముందు రెండూ కలిసి కుంగాయి. 1883లో పౌండు కొనడానికి పన్నెండు కల్దార్ల పైచిలుకు చాలేది. 1894-95 నాటికి పద్దెనిమిది దాటింది. అంటే, వడ్డీ రేటు ఒక్క వీసమైనా పెరగకుండానే, బండి ఒక్క మైలు అదనంగా నడవకుండానే, లండనుకు చెల్లించే ప్రతి పౌండు భారమూ రూపాయలలో దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఈ మధ్యకాలంలోనే రైలు 1886లో వరంగల్లుకు, 1888లో సింగరేణి బొగ్గుకు, 1889లో బెజవాడకు చేరింది. మానుకోటలో తొలి బండి కూత వినబడిన రోజులలో లండను మారకపు బజారులో రూపాయి జారుతూ ఉంది. ఆ జారుడు ఖర్చు భరించినది శిస్తు కట్టిన రైతు.

1893లో ఇంగ్లీషు సర్కారు ప్రజలు తెచ్చే వెండికి టంకశాల తలుపులు మూసింది. 1898-99 నాటికి పౌండుకు 15 రూపాయలుగా రేటు నిలిచింది. హాలీలో పదిహేడున్నర. 1927లో 13 రూపాయల 5 అణాల 4 పైసలకు దిగింది. 1930లో సర్కారు రైల్వేను కంపెనీ చేతి నుంచి తీసుకుంది.

ఇక్కడ నా బొమ్మ రైలు మళ్ళీ వస్తుంది. హార్న్‌బీ వారు 1938లో డబ్లో అనే చిన్న కొలత రైళ్ళు విడుదల చేశారు. పౌండు విలువ చేసే బొమ్మను ఆనాడు జనగామలో ఎవరైనా తెప్పించుకుని ఉంటే, హాలీలో దాని ఖరీదు 15 రూపాయల 8 అణాల 10 పైసల చిల్లర. 1950లో భారత రూపాయి వచ్చి, కొంతకాలం రెండు నాణేలూ పక్కపక్కన నడిచి, హాలీ తప్పుకుంది. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించగానే పదమూడుంబావు రూపాయల పైన ఉండిన పౌండు 21కి ఎగసింది. మరుసటి ఏడాది నవంబరులో బ్రిటను తన పౌండును తానే తగ్గించుకోగా 18కి దిగింది. దిగి ఏం లాభం, లైసెన్సుల కాలంలో బొమ్మలకు విదేశీ మారకం ఎవరిస్తారు? 1991 తర్వాత తలుపులు తెరుచుకునే వేళకు రూపాయి మళ్ళీ తగ్గింది.

ఒక్కసారి మాత్రం గాలి ఎదురు తిరిగింది. 2016 జూన్‌లో ఐరోపా కూటమిని వీడాలని బ్రిటను ఓటు వేసింది. నూరు రూపాయల దగ్గర ఉన్న పౌండు అక్టోబరుకు ఎనభై రెండు ప్రాంతానికి పడింది. అదే అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు పుట్టాయి. ఆ నెలలో కొని ఉండవలసింది! కొనలేదు. నవంబరు 8 తర్వాత మన నోట్లే మనకు పనికిరాక బ్యాంకు వరుసలో నిలబడ్డాను.

ఇంకొక చిక్కు ఉంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతుకు కుదిస్తే 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే బొమ్మ పట్టా వెడల్పు 16.5 మాత్రమే. అంటే పౌండ్లు పోసి తెచ్చినా అది మన రైలు కాదు. కనుక డబ్బాలు, పెట్టెలు అట్టతో నేనే చేసుకుంటున్నాను. జనగామ, మానుకోట స్టేషన్లు పూర్తయ్యాయి. భూపాలపల్లిలో బొగ్గు గనులున్నాయే గాని ప్రయాణికుల రైలు లేదు. నా బల్ల మీద మాత్రం అక్కడికి ఒక మూర పట్టా వేశాను, దాని ఖర్చు అంతా రూపాయలలోనే.