గేట్‌వే గడి ఖాళీ

2017 మే 13, శనివారం. నాయుడుపేట దగ్గర, మేనకూరు సెజ్‌లో ఒక ఫ్యాక్టరీ. కంట్రోల్ రూమ్‌లో ఏసీ తిరుగుతున్నా నీ మెడ మీద చెమట ఇంకా ఆరలేదు. ఎదురుగా విండోస్ 7 మెషీన్. ఐపీ అడ్రస్ ఉంది, సబ్‌నెట్ మాస్క్ ఉంది. డిఫాల్ట్ గేట్‌వే గడి మాత్రం ఖాళీ.

మర్చిపోయి కాదు, కావాలనే వదిలేశారు. పక్క మెషీన్‌కి పింగ్ కొట్టు. టకటకా నాలుగు జవాబులు. బయట ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8కి కొట్టు. 'జనరల్ ఫెయిల్యూర్'. ప్యాకెట్ వైరు దాకా కూడా పోలేదు. తన సబ్‌నెట్ దాటిన అడ్రస్‌కి ఎటు పంపాలో దీనికి తెలీదు. బయటికి దారే లేనప్పుడు వైరస్ ఎట్లా వస్తుంది? ఆ ధీమాతోనే ఎవరూ అప్‌డేట్లు ఎక్కించలేదు. మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాచ్ కూడా.

ఫోన్‌లో వార్త: వానాక్రై అనే పురుగు. చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకూ సోకింది. నిన్న రాత్రే ఎవరో ఇంగ్లండు కుర్రాడు దానికి కళ్ళెం వేశాడట. ఆ పురుగు పని మొదలుపెట్టే ముందు ఒక వెబ్ అడ్రస్‌ని పిలుస్తుంది. పలికితే ఆగిపోతుంది. ఆ అడ్రస్‌నే అతను రిజిస్టర్ చేశాడు. హమ్మయ్య.

ఆగు. ఈ మెషీన్ నుంచి పిలిస్తే అది పలుకుతుందా?

పలకదు. పలక్కపోతే పురుగు ఆగదు.

"అన్నా, ఏందిది, నా ల్యాప్‌టాప్ ఎర్రగా అయిపోయింది?"

అకౌంట్స్ పిల్లోడు. ప్రొడక్షన్ లెక్కల కోసం ఇంటి ల్యాప్‌టాప్ తెచ్చి ఇదే స్విచ్‌కి గుచ్చాడు. ఎర్ర బోర్డు. ఫైళ్ళు తిరిగి కావాలంటే 300 డాలర్లు కట్టాలి. పక్కన గడువు తరుగుతోంది.

ఒకే స్విచ్ మీద, ఒకే సబ్‌నెట్‌లో ఉన్నవి నేరుగా మాట్లాడుకుంటాయి. మధ్యలో గేట్‌వేతో పనిలేదు. పురుగు దూరే పోర్ట్ 445 తెరిచే ఉంది.

స్విచ్ లైట్లు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి.

ఆ వెబ్ అడ్రస్ పలికేలా గేట్‌వే రాసేద్దామా? డీఎన్ఎస్ పెట్టాలి. ఫైర్‌వాల్ తెరవాలి. టైం లేదు.

స్విచ్ వెనక్కి చెయ్యి పెట్టు. ల్యాప్‌టాప్‌ది ఏది? అన్నీ నీలం వైర్లే. లేబుల్ లేదు.

పీకు. ఇంకోటి. గోరు సందులో క్లిప్పు గుచ్చుకుంది. పీకు. అన్నీ.

లైట్లు ఆరాయి. కన్వేయర్ మాత్రం ఆగలేదు. దాన్ని నడిపేది పీఎల్‌సీ అనే కంట్రోలర్, ఈ తెర కాదు. తెర మీద అంకెలు మాత్రం నిలిచిపోయాయి.

"మళ్ళీ ఎప్పుడు తగిలిస్తావప్పా?" షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ తలుపు దగ్గర నిలబడి అడుగుతున్నాడు.

"ప్యాచ్ ఎక్కించినాక సార్."

ప్యాచ్ ఉన్నది ఇంటర్నెట్‌లో. ఒక్కో మెషీన్‌కీ చేత్తో మోసుకెళ్ళాలి. పెన్‌డ్రైవ్ వద్దు, ఒక మెషీన్‌లో ఉన్నది ఇంకోదానికి అదే మోస్తుంది. స్టోర్స్‌కి ఫోన్ చేసి ఖాళీ సీడీలు ఉన్నాయా అని అడుగుతున్నావు.