మాసూలు, తహసీల్దారు: ఒకే వేరు

గన్నవరం నుంచి గోదావరి జిల్లాల దాకా వరికోతల రోజుల్లో వినపడే మాట "మాసూళ్ళు". పంట కోసి, నూర్చి, ధాన్యం ఇంటికి చేర్చుకోవడమే మాసూలు. అచ్చ తెలుగు మాటలా ఉంది కదా? కాదు! అరబ్బీ "మహ్‌సూల్" మన నోట్లో అరిగి అరిగి ఇలా అయ్యింది. మండలాఫీసులో కూర్చునే తహసీల్దారు దీనికి దాయాదే.

అరబ్బీలో చాలా మాటలకి మూడు హల్లులు వేరు. మన భాషలో చెప్పాలంటే, ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు ఇవ్వడం లాంటిదన్నమాట. హ-స-ల ఇస్తే హాసిల్ (దక్కినది), మహ్‌సూల్ (రాబట్టినది, అంటే పంట, రాబడి), తహ్‌సీల్ (రాబట్టడం) వస్తాయి. చివరి "దారు" పారసీ ప్రత్యయం. వేరే వేర్లని అవే మూసల్లో పోస్తే మనకి మామూలు, మంజూరు, తపశీలు దొరికాయి. "వసూలు" కూడా ఈ కుటుంబమే అనిపిస్తుంది కానీ దాని వేరు వ-స-ల, చేరడం అని అర్థం. ఉర్దూ కవుల ప్రేమికుల కలయిక, "విసాల్", ఆ వేరుదే!

ఇంతకీ అసలు అర్థం ఏమిటి? మధ్యయుగపు పండితుడు రాగిబ్ అల్ ఇస్ఫహానీ తహ్‌సీల్ అంటే పొట్టులోంచి గింజని వేరు చేయడం అని వివరించాడు. గనిరాయి నుంచి బంగారం, గడ్డి నుంచి గోధుమ తీసినట్టు. మన కళ్ళంలో తూర్పారబట్టడం అదే కదా.

కళ్ళం దగ్గరే ఈ వేరు రెండుగా చీలింది. గింజ ఇంటికి తెచ్చుకోవడం రైతు మాట, అందులోంచి శిస్తు లాక్కోవడం సర్కారు మాట. పక్కనే మరాఠీలో "మహసూల్" అంటే భూమిశిస్తు. తుర్కీలో మాత్రం మనలాగే పంట.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలానికే ఇక్కడ పారసీ లెక్కల భాష పాతుకుపోయింది. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని ఉత్తర సర్కారులు పట్టిన కంపెనీ వాళ్ళు ఆ మాటల్నే ఉంచుకున్నారు. 1802 నుంచి వచ్చిన శాశ్వత పరిష్కారంలో జమీందారు కట్టే పేష్కషు పైరు పండినా ఎండినా ఒకటే. 1832-33 కరువులో కృష్ణ అవతల గుంటూరు సీమ జనం వేలల్లో చచ్చిపోతే ఖజానాకీ చిల్లు పడింది. మాసూలు లేనిదే తహసీలు లేదని దొరలకి అప్పుడు బోధపడింది. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యింది.

పరాయి మాటలు ఏరిపారేద్దాం అనేవాళ్ళకి నాదొక ప్రశ్న. ఆఫీసు మాటలు మార్చడం తేలికే. 1985లో మండలాలు రాగానే తహసీల్దారు "ఎమ్మార్వో" అయ్యాడు, కొన్నేళ్ళకి మళ్ళీ తహసీల్దారు అయ్యాడు. అదంతా ఒక జీవోతో పని. మరి మాసూలుని ఏ జీవోతో తీసేస్తారు? అది ఏ భాషదో అడక్కుండానే రైతు ఎప్పుడో సొంతం చేసుకున్నాడు. పంట ఎవరు పండించారో వాళ్ళదే మాట అని నా అభిప్రాయం. మీరేమంటారు?